మిరపకాయల చలువలో

దేవకుమారి పమిట చెంగు ముక్కుకి రెండు చుట్లు చుట్టుకుని కోల్డ్ స్టోరేజీ మూడో చాంబరు తలుపు ముందు నిలబడి ఉంది. పొద్దున ఆరుంబావు. తలుపు సందు విచ్చుకోగానే ఘాటు మొహాన కొట్టింది. ఎప్పట్లాగే తుమ్మింది.

"ముప్పై ఏళ్ల నుంచి తుమ్ముతానే ఉన్నారు సిస్టరమ్మా. మా హమాలీలకి నెల తిరక్కముందే అలవాటైపోద్ది," అన్నాడు రంజాన్ లోపలి నుంచి.

"నా ముక్కు గవర్నమెంటుది రంజాన్. ఆలస్యంగా నేర్చుకుంటుంది."

రంజాన్ నవ్వుకుంటూ బస్తాల వెనక్కి వెళ్లాడు. నెరిసిన గడ్డం, పాత స్వెట్టరు. ఒకప్పుడు మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మోసిన భుజం కాబట్టి కుడివైపు కొంచెం కిందికి జారి ఉంటుంది. ఇప్పుడు మొయ్యడు, చాంబర్లకి కాపలా. టిక్కీల వరస చివర, గోడ పక్క మేకుకి వేలాడుతున్న మూడు గిన్నెల స్టీలు క్యారేజీ తీసి రెండు చేతుల్తో తెచ్చి ఇచ్చాడు. రైతుల బస్తాల మీద పేర్ల పొడి అక్షరాలు రాసినట్టే దాని మీదా ఎర్ర రంగుతో రాసి ఉంది: దే.కు.

కింది గిన్నెలో మంచు ముక్కలు. నడిమి గిన్నెలో, మడత పెట్టిన గుడ్డ మీద పది చిన్న గాజు ఆంప్యూళ్లు. ఆక్సిటోసిన్. బిడ్డ పుట్టాక తల్లి గర్భసంచిని బిగించి రక్తం ఆపే మందు. గుడ్డ ఎందుకంటే మంచు నేరుగా తగిలి గడ్డ కట్టినా ఆ మందు పనికిరాదు. పై గిన్నె ఖాళీ. దాంట్లో ఒక్కోరోజు దేవకుమారి మధ్యాహ్నం పచ్చడి ఉంటుంది.

ఇదేం కథ అనుకుంటున్నారా? చెప్తాను. ఎండుమిరపకాయ వేడికి రంగు తగ్గితే క్వింటాలు ధర పడిపోతుంది. అందుకని దానికి మందపాటి గోడలతో చాంబరు కట్టారు, ఏసీ మిషన్లు పెట్టారు, కరెంటు పోతే అరనిమిషంలో అందుకునే జనరేటరు పెట్టారు. ఆడమనిషి కాన్పులో రక్తం పోయి చస్తే ఏ యార్డులోనూ ఏ ధరా పడిపోదు. అందుకని ఆమెకి వెయ్యాల్సిన మందుని రేకు బీరువాలో పెట్టారు. గరువుపాలెంలో ఏప్రిల్ ఆఖరంటే నలభై రెండు డిగ్రీలు. రేకు బీరువాలో ఎంతుంటుందో ఎవడూ కొలవలేదు. కొలిచే పని ఎవడిదీ కాదు కదా!

దేవకుమారి మాత్రం చెయ్యి పెట్టి చూసింది. ముప్పై ఏళ్ల కిందట, ఒక మే నెలలో. రంజాన్ భార్య ఖాదర్‌బీకి తొలి కాన్పు. ఆడపిల్ల పుట్టింది, మాయ పడింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. బీరువాలోంచి ఆంప్యూళ్లు తీసి వేసింది. రెండు వేసింది, నాలుగు వేసింది. గర్భసంచి బిగిసి కొబ్బరికాయలా తగలాలి చేతికి. కలిపిన పిండిలా మెత్తగానే ఉండిపోయింది. ఇంకో రెండు తీద్దామని బీరువా పిడి పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. అప్పుడు అర్థమైంది. జీపు దొరికేసరికి ఖాదర్‌బీ లేదు.

రక్తహీనత అని రాసెయ్యమన్నారు పైవాళ్లు. దేవకుమారి మూడో రోజు రంజాన్ ఇంటికి వెళ్లి గుమ్మంలోనే చెప్పింది.

"మందు ఎండకి చచ్చిపోయింది రంజాన్. నీ భార్యకి నేను వేసింది ఉత్త నీళ్లు."

రంజాన్ అరవలేదు. కొట్టడానికి రాలేదు. ఒకటే అడిగాడు.

"ఎంత చల్లగా ఉండాలి?"

"రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు."

"మా మిరపకాయలకి అయిదు."

అంతే. మర్నాటి నుంచి మిరపకాయల పక్కన మందు. పొద్దున పది ఆంప్యూళ్లు ఆసుపత్రికి, సాయంత్రం మిగిలినవి వెనక్కి, రాత్రి కాన్పొస్తే రంజాన్ తెచ్చిస్తాడు. ఓనరుకి తెలుసు, తెలియనట్టు ఉంటాడు. ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్ ఒకటుంది కానీ టీకాలు తప్ప ఇంకేదీ పెట్టకూడదని దానికి తాళం. దేవకుమారిని మూడుసార్లు బదిలీ చేశారు. మూడుసార్లూ మిర్చి కోతల ఆడవాళ్లు లారీ ఎక్కి జిల్లా ఆఫీసు ముందు బైఠాయించి వెనక్కి తెచ్చుకున్నారు. ఆమె చేతి మీద నాలుగు వేల పైచిలుకు కాన్పులు. ఖాదర్‌బీ తర్వాత రక్తం పోయి ఆమె చేతుల్లో పోయిన తల్లి ఒక్కతె కూడా లేదు. ఒక్కతె కూడా! ఈ మాట ఏ బోర్డు మీదా రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇవాళ ఆమెకి ఆఖరి డ్యూటీ. అరవై రెండు నిండాయి.

"రేపటి నుంచి ఎవరొస్తారు?" అన్నాడు రంజాన్ తలుపు మూస్తూ.

"అదే తేల్చుకోవాలి ఇవాళ," అంది దేవకుమారి. క్యారేజీ చంకకి దగ్గరగా పట్టుకుని నడిచింది. పొట్టి మనిషి. నిలబడీ నిలబడీ పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉంటాయి, నడక కొంచెం ఎడం ఎడంగా ఉంటుంది. తెల్లచీర అంచు మీద ఎన్ని ఉతుకులు ఉతికినా పోని అయోడిన్ మరకలు. పొదిలి మెట్టల్లో పుట్టింది. ప్రతి ఏడూ తల్లీ తండ్రీ మూటా ముల్లే సర్దుకుని మిరప కోతలకి ఇటొచ్చేవాళ్లు. తమ్ముడు ఏసుబాబు మిరప చేను గట్టునే పుట్టాడు. బొడ్డు కోసింది కోత కొడవలితో. అది కళ్లారా చూసిన పిల్ల నర్సు కాక ఏమవుతుంది?

ఆసుపత్రిలో శరణ్య అప్పటికే వచ్చి ఉంది. ఒంగోలు అమ్మాయి, పాతికేళ్లు, కొత్త పోస్టింగు. దేవకుమారి చీరకొంగు సర్దుకుని వచ్చే లోపల ఆ పిల్ల క్యారేజీ విప్పి పది ఆంప్యూళ్లూ తీసి ఎమర్జెన్సీ ట్రేలో వరసగా పేర్చింది. ట్రే కిటికీ గట్టు మీద. కిటికీలోంచి ఎండ.

"అవెందుకు తీశావమ్మా?"

"ట్రేలో అన్నీ రెడీగా ఉండాలి కదా మేడమ్. చెక్‌లిస్టులో అలాగే ఉంది."

పిల్ల తప్పేం లేదు. శ్రద్ధగా చేసింది. శ్రద్ధగా చంపేస్తుంది, అంతే! దేవకుమారి ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పెట్టింది.

"మెగ్నీషియం ట్రేలో ఉంచు. విటమిన్ కె ఉంచు, ఎండ తగలనీకు. ఇది మాత్రం సూది చేతిలోకి తీసుకునేదాకా క్యారేజీలోనే."

"అయితే మీరెళ్లాక?"

"దానికే కదా నేనింకా వెళ్లంది," అంది దేవకుమారి.

ఆఫీసు గదిలో గుమాస్తా రాధాకృష్ణమూర్తి చార్జి అప్పగింత కాగితాలు సిద్ధం చేసి పెట్టాడు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, ఒక్కో వస్తువూ పైకి చదివాడు. కత్తెరలు, ట్రేలు, బీపీ మిషను, బేబీ వార్మరు. ఆయన కుర్చీ వెనకాల గుర్రుమంటూ ఒక ఫ్రిజ్. రెండేళ్ల కిందట ఒక మిర్చి వ్యాపారి, కూతురికి ఇక్కడ సుఖంగా కాన్పయిందని, కాన్పుల గదికని రాసి మరీ ఇచ్చిన ఫ్రిజ్. అప్పట్లో అక్కడ ప్లగ్గు లేదని ఆఫీసులో దించారు. దేవకుమారి సొంత ఖర్చుతో ప్లగ్గు పెట్టించింది. అప్పుడు జిల్లా నుంచి ఉత్తర్వు కావాలన్నారు. ఆరు అర్జీలు పెట్టింది. ఫ్రిజ్‌లో మాత్రం పెరుగు గిన్నె, మజ్జిగ సీసాలు, గుమాస్తా గారి భార్యకి తీసుకెళ్లే మల్లెపూల పొట్లం ఏ ఉత్తర్వూ లేకుండా ఉంటున్నాయి. సాయంత్రం అయిదుకి ఆఫీసుకి తాళం. ఆడవాళ్లు అయిదు తర్వాత కనరు మరి!

"ఫ్రిజ్ ఒకటి. ఆఫీసు గది," చదివాడు రాధాకృష్ణమూర్తి.

"కాన్పుల గది అని రాయండి."

"ఉన్నదున్నట్టు రాయాలి దేవకుమారి గారూ."

"అయితే ఉండాల్సిన చోటికి జరపండి. అప్పుడు ఉన్నదున్నట్టు రాయండి."

"మళ్లీ మొదలా! ఆఖరి రోజండీ, సంతోషంగా సంతకం పెట్టి వెళ్లండి. నాలుగింటికి శాలువా కూడా తెప్పించాం. మీరు చార్జి ఇవ్వకపోతే పెన్షన్ కాగితాలు ఇక్కడే ఆగిపోతాయి. తర్వాత నన్ననొద్దు."

"ఆగనీండి. రెండేళ్లు మీ మజ్జిగకంటే చల్లగా కూర్చున్నాను ఈ విషయంలో. ఇక కూర్చోను." కలం టేబుల్ మీద పెట్టేసి లేచింది.

డాక్టర్ రామకాంత్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. మంచి కుర్రాడు, చదువున్నవాడు, ఎవరితోనూ తగువు పడడు. అదే ఆయన జబ్బు. "చూద్దాం సిస్టర్, మాట్లాడదాం" అని పక్కకి తప్పుకున్నాడు.

పదకొండింటికి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరే ముఠా ఆడవాళ్లు పన్నెండు మంది, మధ్యలో నొప్పులతో జ్యోతిర్మయి. రెండో కాన్పు. చేతులకి ఇంకా మిరప దుమ్ము. ముఠా మేస్త్రి సుబ్బరావమ్మ, జ్యోతిర్మయికి అత్తగారు, ముందు దిగి గేటు దగ్గర్నుంచే కేకలేసింది.

"నర్సమ్మా, నొప్పుల సూది ఒకటి పొడువు! తొందరగా అయిపోద్ది!"

"అయిపోయేది నీ కోడలు. నొప్పులు బాగానే వస్తున్నాయి, సూది గీదీ వద్దు."

"మా గేదెకి పాలు చేపకపోతే అదే సూదేస్తాం. నిమిషంలో చేపుద్ది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు కాన్పులకి కూడా అదే వేస్తాడంట గదా!"

"సుబ్బరావమ్మా, ఇటు చూడు. నీ కోడలికి కొమ్ములున్నాయా?"

ముఠా అంతా పకపకా నవ్వింది. నొప్పుల్లో ఉన్న జ్యోతిర్మయి కూడా పళ్ల బిగువున నవ్వింది.

"బిడ్డ లోపల ఉండగా తొందరకి ఆ సూది వేస్తే సంచి పగుల్తుంది. బిడ్డకి ఊపిరాడదు. బిడ్డ బయటికొచ్చాక అదే సూది, అదే మందు, ప్రాణం నిలబెడుతుంది. ముందా వెనకా అన్నదే తేడా. ఆ తేడా తెలియకుండా సూది పట్టుకున్నవాణ్ణి నా ముందుకి తీసుకురా, వాడి చేతిలోది వాడికే పొడుస్తాను."

సుబ్బరావమ్మ గొణుక్కుంటూ అరుగు మీద కూర్చుంది.

బీపీ చూస్తే నూట యాభై దాటింది. దేవకుమారి శరణ్య వైపు తిరిగింది. "రక్తం ఆగకపోయినా ఈమెకి మెథర్జిన్ సూది వద్దు. బీపీ ఇంకా పెంచుతుంది. గుర్తుపెట్టుకో."

పన్నెండున్నరకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఆఫీసులో ఫ్రిజ్ కూడా ఒక్క మూలుగు మూలిగి ఆగింది. ఒంటిగంటకి పది నిమిషాలుందనగా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పుడుతూనే సుబ్బరావమ్మ గొంతు తీసుకుని పుట్టింది, గేటు దాకా వినబడింది.

దేవకుమారి పొట్ట మీద చెయ్యేసి ఇంకో బిడ్డ లేదని చూసుకుని, "ఇప్పుడు," అంది. శరణ్య క్యారేజీ విప్పి రెండు ఆంప్యూళ్లు తీసింది. పది యూనిట్లు, తొడకి. మాయ పూర్తిగా వచ్చింది. శరణ్య బిడ్డని తుడిచి తల్లి రొమ్ము మీద పడుకోబెట్టింది. కాసేపాగి చిన్న సూదితో విటమిన్ కె తీసింది.

"పుట్టీ పుట్టగానే సూదేంది పసిదానికి!" కిటికీలోంచి సుబ్బరావమ్మ.

"రక్తం గడ్డకట్టే శక్తి పసిపిల్లలకి తక్కువుంటుంది నానమ్మా. ఒక్క మిల్లీగ్రాము, తొడకి, అంతే," అంది శరణ్య. దేవకుమారి పక్కకి తిరిగి చిన్నగా నవ్వుకుంది. పిల్ల నోరు విప్పింది.

ఆ నవ్వు సగంలో ఆగింది. జ్యోతిర్మయి కింద పరిచిన గుడ్డ తడిసిపోతోంది. తడిసి, బల్ల అంచు నుంచి కారుతోంది. పొట్ట మీద చెయ్యేస్తే మెత్తగా ఉంది. కలిపిన పిండిలా.

ఆ మెత్తదనం దేవకుమారి అరచేతికి ముప్పై ఏళ్లుగా తెలుసు.

"శరణ్యా, సెలైను. నాలుగు ఆంప్యూళ్లు దాంట్లోకి. డాక్టరు గార్ని పిలు. నూట ఎనిమిదికి ఫోను." గొంతు పెంచలేదు. రెండు చేతుల్తో పొట్ట మీద గర్భసంచిని పట్టుకుని గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. రామకాంత్ పరుగెత్తుకొచ్చాడు. గ్లవ్స్ తొడుక్కున్నాడు.

"మెథర్జిన్ ఇద్దామా సిస్టర్?"

"బీపీ ఉంది సార్. ఇదే. మనకున్నది ఇదొక్కటే."

నరసరావుపేట పెద్దాసుపత్రి ముప్పై అయిదు కిలోమీటర్లు. అంబులెన్సు ఇంకో చోట ఉందట, నలభై నిమిషాలు. జ్యోతిర్మయి పెదాలు తెల్లబడుతున్నాయి. "అమ్మా, చలేస్తంది" అంది. నలభై రెండు డిగ్రీల ఎండలో చలి! సుబ్బరావమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయింది.

సెలైను చుక్కలు పడుతున్నాయి. దేవకుమారి చెమట కనుబొమ్మల మీద నుంచి జారి చెంపల మీదకి వచ్చింది, తుడుచుకోలేదు. ఒక నిమిషం. రెండు. అరచెయ్యి కింద ఏదో కదిలింది. మెల్లగా, నిద్రలోంచి లేచినట్టు. ఇంకోసారి. అంచు తెలిసింది. తర్వాత గుండ్రంగా, బిర్రుగా, గట్టిగా, కొబ్బరికాయంత గట్టిగా చేతికి తగిలింది.

"బిగిసింది," అంది.

శరణ్య చెయ్యి తీసుకుని ఆ చోట పెట్టించింది. "ఇదీ. ఇట్టా ఉండాలి. పుస్తకంలో దొరకదు, చేత్తో గుర్తుపెట్టుకో."

రక్తం సన్నబడింది. చుక్కలైంది. ఆగింది. రామకాంత్ ఖాళీ ఆంప్యూళ్ల వైపు, క్యారేజీ వైపు, బల్ల కింద మడుగు వైపు చూసి గోడకి ఆనుకున్నాడు.

"ఇది ఆ బీరువాలో ఉండుంటే, సిస్టర్?"

"ఉత్త నీళ్లు సార్," అంది దేవకుమారి. చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

అంబులెన్సు వచ్చేసరికి జ్యోతిర్మయి కళ్లు తెరిచి బిడ్డకి పాలు పడుతోంది. చూసుకుంటే మంచిదని పేటకి పంపారు. బండెక్కే ముందు సుబ్బరావమ్మ వచ్చి దేవకుమారి రెండు చేతులూ పట్టుకుంది. "ఏం కావాలో చెప్పు నర్సమ్మా. ఏదైనా సరే."

"నీ ముఠా ఒక అరగంట ఇక్కడుంటుందా?"

"ఉంటది. ఎందుకు?"

"ఒక బరువు మొయ్యాలి."

బండి వెళ్లిపోయింది. మూడున్నరకి కరెంటు వచ్చింది. పదకొండు మంది ఆడవాళ్లు కొంగులు బొడ్లో దోపుకుని ఆఫీసు గదిలోకి వచ్చారు. రాధాకృష్ణమూర్తి లేచి నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది? రూల్సుంటాయి! ఉత్తర్వు లేకుండా..."

"మీ పెరుగు గిన్నె తీసుకోండి పంతులుగారూ, ఒలికిపోద్ది," అంది ఒకావిడ, తలుపు తీసి గిన్నె ఆయన చేతుల్లో పెడుతూ. ఇంకో ఆమె మల్లెపూల పొట్లం ఆయన జేబులో దోపింది. "అమ్మగారికి వాడిపోకుండా పట్టుకెళ్లండి."

"డాక్టరు గారూ! మీరైనా చెప్పండి!"

రామకాంత్ టేబుల్ మీది చార్జి కాగితం తీసుకున్నాడు. ఆ కుర్రాడి జీవితంలో మొదటి తగువు ఇదే అయ్యుంటుంది. ‘ఆఫీసు గది’ కొట్టేసి ‘కాన్పుల గది’ అని రాసి, పక్కన సంతకం పెట్టి, తేదీ వేశాడు.

"నేనే ఉత్తర్వు అనుకోండి మూర్తిగారూ. ఎవరడిగినా నన్ను చూపించండి."

"ఎత్తండే!" అని ఎవరో అరిచారు. రోజూ మిరపకాయల టిక్కీలు దొర్లించే చేతులు. ఫ్రిజ్ లేచింది. వరండాలో బాలింతలు మంచాల మీద నుంచి లేచి కూర్చున్నారు. ఒకామె ఈల వేసింది, ఆ ఈలకి గోడ మీది పావురాలు ఎగిరాయి. ఫ్రిజ్ ఊరేగింపుగా కాన్పుల గదిలోకి వెళ్లి, రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ప్లగ్గు పక్కన దిగింది. దుమ్ము కొట్టుకుని ఉంది. అప్పుడే గుమాస్తా మనసు చంపుకుని శాలువా పట్టుకొచ్చి దేవకుమారి భుజాల మీద కప్పాడు. ఆమె దండం పెట్టి, శాలువా తీసి, దాంతో ఫ్రిజ్ లోపలా బయటా శుభ్రంగా తుడిచింది. మిగిలిన నాలుగు ఆంప్యూళ్లు నడిమి అరలో పెట్టింది. కలం అడిగి తీసుకుని సంతకం చేసింది.

"కరెంటు పోతే?" అంది శరణ్య.

"నువ్వే చెప్పు."

శరణ్య క్యారేజీ వైపు చూసింది. "అడుగున మంచు. మధ్యలో గుడ్డ. మంచు రంజాన్ గారి దగ్గర."

"అంతే. నేనెళ్తాను."

అంతే అంది, అంతే వెళ్లింది. ఎవరినీ గేటు దాకా రానివ్వలేదు. వేరుశెనగ చెట్నీ డబ్బా, గొడుగు, బైబిలు ఉన్న సంచి భుజానికి తగిలించుకుని, ఎడం ఎడంగా నడుస్తూ, కోల్డ్ స్టోరేజీ ముందు ఒక్క క్షణం ఆగింది. తలుపు మూసి ఉంది. అయినా తుమ్మింది. లోపల నుంచి రంజాన్ నవ్వు వినపడింది. పొదిలి బస్సుకి చెయ్యెత్తింది. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు మలుపు తిరిగింది.

సాయంత్రం ఆరింటికి రంజాన్ ఆసుపత్రికి వచ్చాడు. మూడో చాంబర్లో మేకు ఖాళీగా ఉంటే, క్యారేజీ ఏమైందో చూసుకోవడానికి వచ్చాడు. కాన్పుల గదిలో ఎవరో కొత్తామె మూలుగుతోంది, శరణ్య ఆమె నడుము రాస్తూ ధైర్యం చెబుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి, తల వంచి, చేతులు కట్టుకుని, లోపలికి చూశాడు.

గుర్రుమంటున్న ఫ్రిజ్ మీద, కడిగి తుడిచి బోర్లించకుండా నిలబెట్టిన మూడు గిన్నెల క్యారేజీ, దాని మీద ఎర్రగా దే.కు., కొక్కెం సందులో ఇరుక్కుపోయి ఇంకా రాలని ఒక మిరప గింజ.